శాంపిల్ నేనే తీసుకున్నా: ఏఆర్‌టీ మందులు వాడే ఆడవాళ్ల కోసం నా అనుభవం

హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లు గర్భసంచి మూతి క్యాన్సర్‌కి టెస్ట్ చేయించుకోవాలని హెచ్ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్లో మాకు చానా ఏళ్ల నుంచి చెప్తానే ఉన్నారు, మేము తల ఊపతానే ఉన్నాము. చీటీ రాసిస్తారు, గైనిక్ ఓపీకి పొమ్మంటారు, ఆ చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుని మందులు తీసుకుని నేరుగా బస్టాండుకి వచ్చేస్తాము. నేనొక్కదాన్నే కాదు, నాతో పాటు మందులకి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఇంతే. వీళ్లకి అవగాహన లేదు అంటారు పెద్దోళ్లు. అవగాహన ఉంది సార్, లోపల పరీక్ష చేయడానికి పడుకోబెట్టే ఆ బల్ల ఎక్కాలి కదా, అదీ సంగతి.

బల్ల సంగతి ఎందుకు అంటున్నానంటే కొన్నేళ్ల కింద నాకు తెల్లబట్ట ఎక్కువైతే ఒక ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌కి పోయినా, పేరు వద్దులే. ఏమేం మందులు వాడతా ఉన్నావమ్మా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పినా. అంతే, లోపల ఉన్న సిస్టర్ బయట ఉన్న సిస్టర్‌కి వినపడేలా "ఈమెని లాస్ట్‌లో పెట్టు, ఆ కేసు" అనింది. హాల్లో కూర్చున్నోళ్లంతా ఒకసారి నా వైపు తిరిగి చూసినారు. పొద్దున పోయినదాన్ని, నా వెనక వచ్చినోళ్లంతా చూపించుకుని పోయినాక పిలిచినారు. డాక్టరమ్మ ఒక గ్లౌజు మీద ఇంకో గ్లౌజు వేసుకునింది, నేను దిగినాక ఆయమ్మ నేను పడుకున్న బల్లనే కాదు, బయట నేను కూర్చున్న కుర్చీ కూడా తుడిచింది. ఆ ఇనుప పరికరం పెట్టినప్పుడు నొప్పి కూడా ఉంది కానీ అది నాకు గుర్తు లేదు, కుర్చీ తుడిచింది గుర్తుంది. పరికరాలు ఎవరికి వాడినా ఒకే రకంగా స్టెరిలైజ్ చేయాలి, అందరికీ అదే పద్ధతి, చివర్లో పెట్టాల్సిన పనే లేదని తర్వాత మా ఏఆర్‌టీ సెంటర్లో మాతో మాట్లాడి ధైర్యం చెప్పే కౌన్సిలర్ మేడం చెప్పింది. 2017లో చట్టం కూడా వచ్చిందంట, హెచ్ఐవీ ఉందని వైద్యంలో తేడా చూపించకూడదు, మన పర్మిషన్ లేకుండా ఎవరికీ చెప్పకూడదని, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉందంట. చట్టం బాగుంది, కానీ బల్ల మీద పడుకున్నప్పుడు చట్టం గురించి మాట్లాడేంత ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి.

నా గురించి రవంత చెప్తా. చంద్రగిరి దాటినాక ఒక పల్లె మాది, ఇంట్లోనే జాకెట్లు కుడతా. మా ఆయన తిరుపతిలో ఆటో తోలతాడు. ఇద్దరికీ ఉంది, ఇద్దరమూ మందులు వాడతా ఉన్నాము, నా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనపడనంత తక్కువలోనే ఉంటా ఉంది చానా కాలంగా. పాపకి లేదు, దేవుడి దయ, కడుపుతో ఉన్నప్పుడే మందులు మొదలుపెట్టినారు. మా అత్తకి మాత్రం ఈ విషయం తెలీదు. మందులకి పోయే రోజు గాంధీ రోడ్డులో లైనింగ్ బట్ట, ఫాల్స్ తెచ్చుకోవాలని చెప్పి పోతా, నిజంగానే తెచ్చుకుంటా కూడా, లేకపోతే అబద్ధం పట్టుబడుతుంది కదా. చిత్తూరు నుంచి, పాకాల నుంచి కూడా కొంతమంది వాళ్ల ఊరికి దగ్గరలో తీసుకోకుండా తిరుపతికే వస్తారు, ఎందుకంటే ఈ ఊర్లో రోజూ కొండకి వచ్చే జనం, గుండ్లు కొట్టించుకున్నోళ్లు, బ్యాగులు మోసుకుని తిరిగేవాళ్లు, ఎవరు ఎవరినీ పట్టించుకోరు. మాలాంటి వాళ్లకి ఇంత సేఫ్ అయిన ఊరు ఇంకోటి ఉండదు అనుకుంటా.

సరే, ఒక రోజు మందులకి పోతే ఒక ఆస్పత్రి టీం వచ్చి ఉండారు. గర్భసంచి మూతి క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ ఉందా అని టెస్ట్ చేస్తాము, శాంపిల్ మీరే తీసుకోవచ్చు, బల్ల ఎక్కే పని లేదు, ఎవరూ చూడరు అన్నారు. అందరం మొహాలు చూసుకున్నాము. ఇది అన్ని చోట్లా, అన్ని రోజులూ దొరికేది కాదు, మామూలుగా గవర్నమెంట్ స్క్రీనింగ్ అంటే 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకి వినిగర్ లాంటి మందు పూసి చూసేదే, దాన్ని వీఐఏ అంటారు, దానికి బల్ల ఎక్కాల్సిందే. ఇది వేరే. ఇక్కడ మనం తీసుకున్న శాంపిల్ మిషన్లో పెట్టి ఆ వైరస్ డీఎన్‌ఏ ఉందా లేదా చూస్తారు. కంటితో చూసే టెస్ట్ అయితే అది నేర్చుకున్న డాక్టరో నర్సో చూడాలి, డీఎన్‌ఏ టెస్ట్ అయితే ఎవరు తీసినా ఒకటే, డీఎన్‌ఏని ఎన్నో రెట్లు పెంచి చూసే పీసీఆర్ పద్ధతి టెస్టుల్లో డాక్టర్ తీసిన శాంపిల్‌కీ మనం తీసుకున్న శాంపిల్‌కీ వైరస్‌ని పట్టుకోవడంలో పెద్ద తేడా లేదని ఆ టీంలో వచ్చిన మేడం చెప్పింది.

ఆ మేడం బాగా చెప్పింది, అందుకే గుర్తుంది. ఈ క్యాన్సర్ దాదాపు అన్నీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తాయంట, అది కనుక్కున్న జర్మనీ సైంటిస్టుకి 2008లో నోబెల్ ఇచ్చినారంట. అందులో చానా రకాలు ఉన్నాయి, 16, 18 నంబర్లవే పదిలో ఏడు క్యాన్సర్లకి కారణం. సంసారం చేసే ప్రతి ఒక్కరికీ ఇంచుమించు ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ వస్తుంది, చానా మందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది, ఒంట్లో ఇమ్యూనిటీ దాన్ని తోసేస్తుంది. మన ఒంట్లో హెచ్ఐవీ ఉంది కాబట్టి అది అంత తొందరగా పోదు, అక్కడే పాతుకుపోయి మెల్లగా కణాలు మార్చేయొచ్చు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి ఈ క్యాన్సర్ వచ్చే రిస్క్ మిగతా ఆడవాళ్ల కంటే ఆరు రెట్లు ఎక్కువ. మామూలు వాళ్లకి 15, 20 ఏళ్లు పట్టేది, ఇమ్యూనిటీ బాగా తగ్గిపోయి మందులు వాడని వాళ్లకి 5 నుంచి 10 ఏళ్లలోనే వచ్చేయొచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) వాళ్లు 2021లో రూల్ మార్చి, అందరికీ 30 నుంచి అయితే మనకి 25 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలి, నెగెటివ్ వచ్చినా 3 నుంచి 5 ఏళ్లకి ఒకసారి మళ్లీ చేయించుకోవాలి అన్నారంట.

ఇంక ప్రశ్నలు మొదలైనాయి. నాకు ఆ గంట భలే నచ్చింది, మామూలుగా మందుల దగ్గర ఎవరూ నోరు తెరవరు, ఆ రోజు అందరూ మాట్లాడినారు. పుత్తూరు వైపు నుంచి వచ్చే ఒకామె "మా ఆయన పోయి పదేళ్లయింది మేడం, నాకెందుకు ఇది" అనింది. ఆయన పోయినా వైరస్ పోకపోయి ఉండొచ్చమ్మా, అది ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు, నీకే ముందు చేయాలి అనింది మేడం. ఇంకో అక్క "నాకు సంచే లేదు మే, ఎప్పుడో తీయించేసినారు" అని నవ్వింది, ఆమె నవ్వితే ఇంకో ఇద్దరు ముగ్గురు మాకు కూడా లేదు అన్నారు. మన ఆంధ్రాలో గర్భసంచి తీయించుకున్నోళ్లు దేశం మొత్తంలో ఎక్కువ, నొప్పి అని పోతే చాలు తీసేయండి అంటారు కదా, అది వేరే కథ. మూతితో సహా మొత్తం తీసేసి ఉంటే, అది క్యాన్సర్ గడబిడ వల్ల తీసింది కాకపోతే, వాళ్లకి ఈ టెస్ట్ మామూలుగా అవసరం లేదంట. కానీ కొంతమందికి మూతి వదిలేసి సంచి మాత్రమే తీస్తారంట, దేనికి తీసినారు, ఎంత తీసినారు అనేది ఆపరేషన్ కాగితాల్లో ఉంటుంది, అవి పట్టుకుని రండి అనింది. ఆ కాగితాలు ఎవరి దగ్గరా లేవు, అది వేరే విషయం.

అందులో ఒకామె మెల్లిగా, నాకు కలిసినాక రక్తం కనపడతా ఉంది మేడం అనింది. ఆమెకి మాత్రం శాంపిల్ తీసుకునే పుల్ల ఇవ్వలేదు. నీకు ఇది సరిపోదు తల్లీ, నువ్వు నేరుగా డాక్టర్‌కే చూపించుకోవాలి అని అప్పుడే చీటీ రాసి ఒక మనిషిని తోడిచ్చి పంపించింది. ఇది అందరూ గుర్తు పెట్టుకోండి, ఈ సొంత శాంపిల్ అనేది ఏ బాధా లేని వాళ్లకి. రక్తం పడతా ఉన్నా, ముట్లు నిలిచిపోయినాక మళ్లీ కనపడినా, వాసనతో నీళ్లు పోతా ఉన్నా, ఈ పుల్లల కోసం కాచుకోకూడదు.

ఇంటికి తీసుకుపోయి తీసుకుంటారా, ఇక్కడే తీసుకుంటారా అని అడిగినారు. ఇంటికైతే మా అత్త, బాత్‌రూం బయట, గడియ సరిగ్గా పడదు, ఆ ట్యూబ్ ఏంది అంటే ఏం చెప్పాలి. ఇక్కడే తీసుకుంటా అన్నా. చిత్తూరు నుంచి వచ్చే ఒక అక్క మాత్రం ఇంటికే తీసుకుపోయింది, ఆమె ఒక్కతే ఉంటుంది. రెండు రకాలుగా ఇవ్వడం మంచి పని అనిపించింది నాకు, ఎవరి ఇల్లు ఎట్లాంటిదో వాళ్లకే తెలుసు కదా.

తీసుకోవడం ఎట్లాగో చెప్తా, అందరూ అడిగేది అదే. ముట్టులో ఉన్నప్పుడు తీసుకోకూడదు, కడుపుతో ఉంటే ముందే చెప్పాలి, లోపల పెట్టే మాత్రలు క్రీములు వాడతా ఉన్నా చెప్పాలి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ప్యాకెట్ లోపల చిన్న బ్రష్ లాంటిది ఉంటుంది, మస్కారా బ్రష్ చూసినారు కదా, దాని మాదిరే, కాకపోతే మెత్తగా ఉంటుంది, కాడ పొడుగు. కుచ్చు ఉన్న వైపు చేత్తో తాకకూడదు, యాడా పెట్టకూడదు. ఒక కాలు ఎత్తి మెట్టు మీద పెట్టుకోవచ్చు, లేదా గొంతు కూర్చోవచ్చు, నాకు గొంతు కూర్చుంటేనే సులభంగా ఉండింది, మనకి అలవాటే కదా. ఒక చేత్తో పక్కకి జరిపి మెల్లగా లోపలికి, ఇంచుమించు మన వేలు పొడుగంత, ఇంక ముందుకు పోదు అనిపించే దాకా పెట్టాలి. తర్వాత ఒకే వైపుకి మెల్లగా తిప్పతా ఉండాలి, వాళ్లు చెప్పినంత సేపు, నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నా. నొప్పి లేదు. కొంచెం చల్లగా, ఏదో గీరినట్టు, అంతే. తీసి నేరుగా ట్యూబ్ లోపల పెట్టి, కాడ మీద గీత ఉన్న చోట విరిస్తే టిక్కుమని విరుగుతుంది, మూత గట్టిగా తిప్పేయాలి. అయిపోయింది. రెండు మూడు చుక్కల రక్తం కనపడినా భయపడొద్దు అన్నారు, నాకు అది కూడా లేదు. కిట్టుని బట్టి ఒక్కోదానికి రవంత తేడా ఉంటుంది, లోపల బొమ్మలు వేసిన కాగితం ఉంటుంది, చదువు రాని వాళ్లకి కూడా అర్థమవుతుంది.

లోపలికి ఎంత దూరం పోవాలి, సరైన చోట తగిలిందో లేదో అని బయటికి వచ్చినాక అందరికీ ఒకటే అనుమానం. మూతికి తగలకపోయినా పర్వాలేదంట, అక్కడి నుంచి వైరస్ ఉన్న కణాలు కిందికి రాలతా ఉంటాయి, గోడల మీద దొరికితే చాలు. శాంపిల్ చాలకపోతే మిషనే చెప్పేస్తుందంట, మళ్లీ ఒకసారి తీసుకోమంటారు. మా దాంట్లో ఒకరికి అట్లా మళ్లీ తీసుకోమన్నారు కూడా.

ట్యూబ్ మీద నా పేరు లేదు, నంబర్ స్టిక్కర్ మాత్రమే. ఆ ట్యూబ్ డబ్బాలో పెట్టి వచ్చేస్తా ఉంటే నాకు ఒకటే అనిపించింది, నా శాంపిల్ నేనే తీసుకున్నా కాబట్టి ఎవరూ నా కోసం రెండు గ్లౌజులు వేసుకోవాల్సిన పని రాలేదు. టెస్ట్ సులభం, టైం తక్కువ, ఇవన్నీ అంటారు, నాకైతే దీంట్లో అన్నిటికన్నా పెద్ద సుఖం అదే.

రిజల్ట్ ఎట్లా చెప్పాలి అనే దానిమీద కూడా గొడవ జరిగింది. వాళ్లు ఫోన్ నంబర్ ఇమ్మన్నారు, మెసేజ్ వస్తుంది అన్నారు. మాలో సగం మంది ఫోన్లు కొడుకుల చేతుల్లో ఉంటాయి, ఆస్పత్రి నుంచి మెసేజ్ వస్తే ఇంట్లో వాళ్లే ముందు చదువుతారు. వద్దు మేడం, మళ్లీ మందులకి వచ్చినప్పుడు చెప్పండి, మరీ అర్జెంట్ అయితే కౌన్సిలర్ మేడం నుంచి "మందుల డేట్ మారింది" అని ఒక ఫోన్ చేయండి చాలు అన్నాము. వాళ్లు ఒప్పుకున్నారు. ఇట్లాంటివి ముందే మమ్మల్ని అడిగితే బాగుంటుంది, ఎంత మంచి మిషన్ తెచ్చినా రిజల్ట్ మనిషికి చేరకపోతే ఏం లాభం.

నాకు ఆ ఫోనే వచ్చింది. మందుల డేట్ మారిందమ్మా, రవంత ముందుగా రా అనింది. నాకు అర్థమైపోయింది.

పోతే కూర్చోబెట్టి చెప్పినారు. పాజిటివ్, కానీ 16 కాదు, 18 కాదు, మిగతా హై రిస్క్ రకాల్లో ఏదో ఒకటి. నేను గమ్మున ఉండిపోయినా. పాజిటివ్ అనే మాట మనం ఒకసారి విని ఉన్నాము కదా, మళ్లీ అదే మాట వింటే మిగతావేవీ చెవిలో పడవు. మేడం ఆగి, నీళ్లు ఇచ్చి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఇది క్యాన్సర్ ఉందని చెప్పే టెస్ట్ కాదు. వైరస్ ఉందని మాత్రమే. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లలో ఈ టెస్ట్ పాజిటివ్ రావడం మామూలు కంటే ఎక్కువే, అందులో అందరికీ కణాలు మారి ఉండవు. అందుకే మనకి పాజిటివ్ రాగానే ట్రీట్‌మెంట్ చేసేయరు, ఇంకో టెస్ట్ చేసి మూతి మీద మార్పు ఉందా అని చూస్తారు, ఉంటేనే ట్రీట్‌మెంట్, లేకపోతే ఏడాదికి మళ్లీ టెస్ట్. వైరస్‌కి మాత్రలు లేవు, అది పోయేదాకా దాని మీద కన్నేసి ఉంచడమే.

అంటే ఏమైందన్నమాట, ఏ బల్ల నుంచి తప్పించుకున్నానో ఆ బల్లే ఎక్కాలి. ఇది ముందే చెప్పాలి, మీకు కూడా చెప్తా ఉన్నా. సొంత శాంపిల్ అంటే బల్ల పూర్తిగా తప్పిపోతుందని కాదు. పది మంది ఎక్కాల్సిన బల్ల, ఇప్పుడు పాజిటివ్ వచ్చినోళ్లు మాత్రమే ఎక్కుతారు, నెగెటివ్ వచ్చినోళ్లు హాయిగా ఇంటికి పోతారు. అదే లాభం. కానీ ఆ పాజిటివ్ వచ్చినోళ్లని ఎవరు చూస్తారు, యాడ చూస్తారు, ఎట్లా చూస్తారు అనేది ముందే ఏర్పాటు లేకపోతే ఈ పుల్లలు పంచి లాభం లేదు, ఊరికే భయం పంచినట్టు అవుతుంది. మాకు ఆ ఏర్పాటు ఉండింది కాబట్టి నేను ఇది రాస్తా ఉన్నా.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పినా. ఆటో పెట్టి వచ్చి అన్నం తిని పైకి పోయి కూర్చుంటాడు, అత్తకి వినపడదు అక్కడ. అంతా విని చానా సేపు ఏం మాట్లాడలేదు. "ఇది కూడా నేను తెచ్చిందేనా" అన్నాడు. నాకు కోపం వస్తుందేమో అనుకున్నా కానీ రాలేదు. ఎవరి నుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో కనుక్కునే టెస్టే లేదంట, దాదాపు అందరికీ వచ్చిపోయేదే అంట, నీకైతే తెలిసే దారి కూడా లేదంట, పోనీలే అన్నా. రేపు నేనూ వస్తా అన్నాడు. ఆటో తోలడం మానుకుని వచ్చినాడు.

ఈ సారి బల్ల వేరే ఆస్పత్రిది. నేను లోపలికి పోకముందే నిలబడి అడిగేసినా, మేడం నా ఫైల్లో ఉన్నది మీరు చదివినారు కదా, నన్ను చివర్లో పిలుస్తారా అని. ఆ డాక్టరమ్మ చిన్న వయసే, నా వైపు చూసి, టోకెన్ ప్రకారమేనమ్మా, ఎందుకు అట్లా అడిగినావు అనింది. ఎందుకో చెప్పలేదు నేను. కాళ్లు ఎత్తి పెట్టుకోవడం, ఆ పరికరం పెట్టడం, అదంతా అదే. నొప్పి కాదు, బిగుతు. ఊపిరి వదులు అంటా ఉండింది, వదిలితే నిజంగానే బిగుతు తగ్గుతుంది. దూదితో వినిగర్ లాంటి మందు పూసింది, కొంచెం చురుక్కుమనింది, ఒక నిమిషం ఆగి పెద్ద బూతద్దం లాంటి మిషన్లో చూసింది, దాన్ని కాల్పోస్కోపీ అంటారు. మార్పు ఉన్న చోటు తెల్లగా అవుతుందంట. నాది అయింది. స్క్రీన్ మీద చూస్తావా అనింది, చూసినా. గులాబీ రంగులో గుండ్రంగా, ఒక పక్కన తెల్ల మచ్చ. ఇన్నేళ్లలో నా ఒంట్లో ఆ భాగాన్ని నేను చూడడం అదే మొదటిసారి, వింతగా అనిపించింది, భయం వేయలేదు. బియ్యపు గింజంత ముక్క తీసినారు, చిటుక్కుమని గిల్లినట్టు ఉండింది, టెస్టుకి పంపించినారు. రెండు రోజులు రవంత మరకలు పడినాయి, అంతే.

ఆ ముక్క రిపోర్ట్ వచ్చేదాకా ఉండే రోజులు ఎవరికీ వద్దు. జాకెట్ కుడతా ఉంటే చంక దగ్గర కుట్టు ఎన్ని సార్లు విప్పినానో. చివరికి సీఐఎన్ 2 అని వచ్చింది. క్యాన్సర్ కాదు, ముందు దశ, ఇట్లాగే వదిలేస్తే కొన్నేళ్లకి అయ్యే అవకాశం ఉంది, ఇప్పుడు తీసేస్తే అక్కడితో సరి అన్నారు. మచ్చ మొత్తం బయటికి కనపడతా ఉంది, లోపలికి పోలేదు, అందుకని థర్మల్ అబ్లేషన్ చాలు అన్నారు. లోపలికి పోయి ఉంటే, పెద్దదిగా ఉంటే కరెంట్ తీగతో ఆ భాగం కోసి తీస్తారంట, దాన్ని లీప్ అంటారు.

థర్మల్ అంటే కాల్చడమే, దాచేదేముంది. 100 డిగ్రీల దాకా వేడెక్కే చిన్న గుండు లాంటి దాన్ని ఆ మచ్చ మీద 20, 30 సెకన్లు పెడతారు, మచ్చ మొత్తం కవర్ అయ్యేదాకా మళ్లీ పెడతారు. మత్తు ఇవ్వలేదు. కాల్చడం అంటే నేను ఏమేమో ఊహించుకుని పోయినా, ముట్టు నొప్పి గట్టిగా వచ్చినప్పుడు ఉంటుంది చూడండి, పొత్తికడుపులో అట్లాంటి నొప్పి, తీయగానే తగ్గిపోయింది. సిస్టర్ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. కాసేపు పడుకోబెట్టి పంపించేసినారు, అదే ఆటోలో ఇంటికి వచ్చేసినా, అత్తకి కడుపు నొప్పి అని చెప్పినా, వాము నీళ్లు కాచి ఇచ్చింది పాపం.

ఆ తర్వాతది ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి నేను చెప్తా. మూడు నాలుగు వారాలు నీళ్ల మాదిరి పోతానే ఉంటుంది, ప్యాడ్ పెట్టుకోవాలి, మధ్యలో లేత గులాబీ రంగులో కూడా ఉంటుంది, అది మామూలే. చలి జ్వరం, చెడ్డ వాసన, ముట్టు కంటే ఎక్కువ రక్తం, వీటిలో ఏది వచ్చినా వెంటనే పోవాలి. నెల రోజులు దూరంగా ఉండాలి, మా డాక్టరమ్మ మా ఆయన్ని కూడా లోపలికి పిలిచి మొహం మీదే చెప్పింది. పుండు మానేదాకా అక్కడ నుంచి హెచ్ఐవీ వైరస్ కూడా ఎక్కువ బయటికి వచ్చే అవకాశం ఉంటుందంట, అందుకని కుదరని వాళ్లు కండోమ్ లేకుండా అస్సలు కలవకూడదు, మందులు ఒక్క పూట కూడా మానకూడదు. మగోళ్లని పిలిచి చెప్పడం నాకు బాగా నచ్చింది, ఇంట్లో మనం చెప్తే సాకు అనుకుంటారు కొంతమంది. మా ఆయన అట్లాంటోడు కాదులే.

ఏడాదికి మళ్లీ హెచ్‌పీవీ టెస్ట్ చేసినారు. ఈ సారి నేనే తీసుకుంటా మేడం అని అడిగినా, ట్రీట్‌మెంట్ అయిన చోటు ఒకసారి కళ్లారా చూడాలి కాబట్టి బల్ల మీదే తీస్తా అనింది, సరే అన్నా. నెగెటివ్ వచ్చింది. అయినా మనకి హెచ్ఐవీ ఉంది కాబట్టి ఇంకో ఏడాదికి కూడా చేసి, అది కూడా నెగెటివ్ అయితేనే మళ్లీ మామూలు లెక్కలోకి పోతావు అనింది.

మిగతా వాళ్ల సంగతి. ఎక్కువ మందికి నెగెటివ్ వచ్చింది. చిత్తూరు అక్కకి నెగెటివ్, మూడేళ్ల దాకా నన్ను ఎవరూ అడగబాకండి అని చెప్పేసింది అందరికీ. రక్తం పడతా ఉందని చెప్పిన ఆమెకి క్యాన్సర్ మొదటి స్టేజ్‌లో బయటపడింది, ఆపరేషన్ అయింది, సన్నబడింది కానీ మందులకి వస్తా ఉంది, మొన్న కనపడితే పక్కన కూర్చుని ఇడ్లీలు తిన్నాము. పాజిటివ్ వచ్చి తర్వాత రాని వాళ్లు కూడా ఉన్నారు, అందులో ఒకామె ఫోన్ నంబర్ తప్పు ఇచ్చింది, ఇల్లు కూడా మారిపోయిందంట. ఆమె మందులకైనా యాడో ఒక చోటికి వస్తుంది కదా, ఆ సెంటర్ వాళ్లకైనా ఈ రిపోర్ట్ చేరాలి అని మా కౌన్సిలర్ మేడం ఇంకా వెతకతానే ఉంది.

ఇప్పుడు నా పక్కన కూర్చున్నోళ్లు ఎవరైనా ఈ టెస్ట్ గురించి అడిగితే ఒకటే చెప్తా ఉన్నా. పుల్ల ఇస్తే తీసుకో, కానీ ఇచ్చే వాళ్లని ముందే అడుగు, పాజిటివ్ వస్తే నన్ను యాడికి పంపిస్తారు, ఆడ నా గురించి ముందే మాట్లాడి పెడతారా, నాతో ఎవరైనా వస్తారా అని. సమాధానం చెప్పగలిగితే తీసుకో. వాళ్లు ఎక్కడికో పోతావులే అంటే కూడా తీసుకో, కానీ అప్పుడు నాకు ఫోన్ చేయి, నేను వస్తా నీతో.

పాపకి 13 నిండినాయి, ఆ మేడమే టీకా గురించి చెప్పింది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఆడపిల్లలకి వేస్తే బాగా పని చేస్తుందంట, మన దేశంలోనే పూణే సీరం వాళ్లు తయారు చేసిన సర్వావాక్ ఉంది, ఈ వయసు వాళ్లకి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. హెచ్ఐవీ ఉన్న పిల్లలకైతే మూడు డోసులు వేయడం మంచిదంట. అత్తకి ఏం చెప్పాలో అనుకున్నా, స్కూల్లో చెప్పినారు అంటే సరిపోయింది, ఆమెకి స్కూలు అంటే నమ్మకం. మొదటి డోస్ అయిపోయింది, రెండోది దసరా సెలవుల్లో పడేటట్టు డేట్ రాయించుకున్నా, ఆ రోజే నా మందులు కూడా, వచ్చేటప్పుడు పండగ జాకెట్లకి లైనింగ్ ఎట్లాగూ తేవాల్సిందే.